కామెర్లు దించిన క్యారియర్

ఆ ఉదయం పప్పులో పోపు వేస్తుంటే ఆ వాసనకే కడుపులో తిప్పింది. బుద్ధెరిగాక ఇంగువ వాసన నాకు పడకపోవడం అదే మొదలు. ఒళ్ళు వెచ్చగా ఉంది. గ్యాస్ అనుకుని ఒక మాత్ర వేసుకుని, క్యారియర్ సర్దుకుని బస్సెక్కాను.

తొంభైలలో మేము దేశ రాజధానిలో, సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మావారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. తెలుగువాళ్ళెవరు ఆసుపత్రిలో చేరినా కబురు నాకొచ్చేది, నా క్యారియర్ వాళ్ళకు వెళ్ళేది. అలా వచ్చిన మంచిపేరంటే నాకు కొంచెం గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు! ఆ వారం పార్వతి వంతు. శ్రీకాకుళం పిల్ల, భర్త జవాను, సరిహద్దులో ఉన్నాడు. కడుపు ఆపరేషనై కంటోన్మెంట్ దగ్గర ఆసుపత్రిలో ఒంటరిగా ఉంది. మంచం పక్కన గిన్నెలు పెట్టి, "శుభ్రంగా తిను" అని చెప్పి, బస్సు పోతుందని పరిగెత్తేదాన్ని. నాలుగు రోజులు అలాగే తిరిగాను. మూత్రం పచ్చగా వస్తున్నా నీళ్ళు చాలలేదేమో అనుకున్నాను. అప్పుడే పరీక్ష చేయించుకోవలసింది.

ఐదో రోజు మావారు పచ్చబడ్డ నా కళ్ళు చూసి డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళారు. రక్తంలో ఒకటి దాటకూడని బిలిరుబిన్ తొమ్మిది ఉంది. "కామెర్లు, హెపటైటిస్ ఎ. మందుకంటే బెడ్ రెస్ట్ ముఖ్యం" అన్నారు డాక్టరుగారు. రాస్తున్న పెన్ను ఆపి, "ఈ మధ్య బయటివాళ్ళకెవరికైనా వండిపెట్టారా?" అని అడిగారు. చెప్పాను.

"పేషెంట్‌కా! తిండితోనే అంటుకుంటుందమ్మా. ఆమెను ఐదారు వారాలు కనిపెట్టి చూడాలి."

మావారు వెంటనే వెళ్ళి పార్వతి డాక్టర్లకు చెప్పి వచ్చారు. నేను మంచమ్మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. కోతపుండు ఆరని పిల్లకు నా చేత్తో రోగం పెట్టానా అని కుమిలిపోయాను. మూడో వారం కాస్త నయమనిపించి ఇల్లు ఊడవబోయి కళ్ళు తిరిగి పడ్డాను. డ్రిప్ ఎక్కించారు, డాక్టరుగారు చీవాట్లు పెట్టారు. ఇరుగుపొరుగు ఆంటీలు కిచిడీ, హల్వా తెచ్చేవారు. వాళ్ళు తలుపు దాటగానే అవన్నీ మావారి పళ్ళెంలోకి వెళ్ళేవి.

ఆరో వారం పార్వతే వచ్చింది. కళ్ళు తెల్లగా, మల్లెపూవుల్లా ఉన్నాయి. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవకండి ఆంటీ. నాకేటీ కాలేదు. ఒకమాట చెప్తాను, కోప్పడకండి. మీ పప్పు నాను తిన్లేదు. నోటికి పోలేదు. మీరు బాధపడతారని తిన్నానని చెప్పీదాన్ని. అన్నం పారబోసి చెంపలేసుకునీదాన్ని."

"పిచ్చిపిల్లా, నువ్వు తినకపోవడమే నన్ను బతికించిందే! మరి నీకేం కావాలో చెప్పొచ్చుగా?"

"ఆ వార్డులో తెలుగు మాటాడీవోళ్ళు ఒక్కరూ లేరాంటీ. మీరు రాగానే, కూకుంటారనుకునీదాన్ని. గిన్నెలెట్టేసి ఎల్లిపోయీవోరు."

ఆ మధ్యాహ్నం ఆమెను పొద్దు వాలేదాకా వెళ్ళనివ్వలేదు.

ఇప్పుడు నా ఆరోగ్యం బాగుంది. ఆసుపత్రులకు వెళ్ళడం మానలేదు, అడగందే వండడం మానేశాను. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏం తెమ్మంటారో రోగినే అడగండి. ఏమీ వద్దంటే, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చోండి.