మెట్ల కింది లైబ్రరీ

కెనడాలోని కాల్గరీలో మా ఇంటికి దగ్గరలోనే ఉన్న చార్టర్ స్కూల్లో నేను ఎడ్యుకేషనల్ అసిస్టెంట్‌ని. చార్టర్ స్కూలంటే ప్రభుత్వ నిధులతోనే నడిచే బడి. ఫీజు ఉండదు, పెత్తనం మాత్రం సొంత బోర్డుది. మా బడి లీజుకు తీసుకున్న ఒక పాత భవనంలో నడుస్తుంది. తెనాలిలో చాలాకాలం ఇంగ్లీషు టీచరుగా పనిచేసి వచ్చినదాన్ని నేను. ఇక్కడ క్లాసు టీచరుకు తోడుగా ఉండి, చదవడంలో వెనకబడిన పిల్లల పక్కన కూర్చుని చదివిస్తాను. ఆ పని నాకు నచ్చింది. ట్రైనింగ్ రోజులే కాస్త వెలితిగా ఉండేవి. పిల్లలకు సెలవిచ్చి టీచర్లంతా ఒకచోట కూర్చునేవారు, మేం అసిస్టెంట్లం ఇళ్లలో ఉండిపోయేవాళ్లం.

ఒక శీతాకాలం మా ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "ఈసారి ట్రైనింగ్‌కి నువ్వు కూడా రావాలి. ఎమ్మెల్యేలను కలిసి మన అవసరాలు ఎలా చెప్పుకోవాలో నేర్పిస్తారు" అంది.

మా అల్బర్టా రాష్ట్రంలో కూడా ఎమ్మెల్యేని ఎమ్మెల్యే అనే అంటారు. ఆ మాట వినగానే నాకు తెనాలి రోజులు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆగిపోయిన జీతాల కోసం మేం టీచర్లమంతా కలిసి ఎమ్మెల్యే గారింటి వరండాలో ఎన్ని పొద్దులు గడిపామో!

మా బడి అడగదలచుకున్నది లిఫ్టు. లైబ్రరీ కింద బేస్‌మెంట్‌లో ఉంది. నాలుగో తరగతిలో ఒక అమ్మాయి వీల్‌చైర్‌లో తిరుగుతుంది. ఆ మెట్లు దిగలేదు.

ట్రైనింగ్‌లో ఇద్దరిద్దరిని జత చేశారు. నా జత మా లెక్కల టీచరు. కరీంనగర్ అబ్బాయి, నాకన్నా బాగా చిన్న, నన్ను అక్కా అంటాడు. అతను స్కూలు తరఫున మాట్లాడాలి, నేను ఎమ్మెల్యేగా నటించాలి. అతను పేజీ నిండా అంకెలు రాసుకొచ్చాడు. నేను తెనాలి వరండాలో చూసిందంతా ఇంగ్లీషులో దించేశాను. రమ్మన్నాను, కూర్చోమన్నాను, కాఫీ తాగుతారా అని అడిగాను. అతని ప్రతి అంకెకీ తలూపాను. "మీ బడి అంటే నాకెంతో అభిమానం. తప్పకుండా చూద్దాం" అని సాగనంపాను. అతను సంతోషంగా లేచాడు.

"ఇంతకీ ఆవిడ దేనికి ఒప్పుకుంది?" అని ట్రైనర్ అడిగాడు.

మావాడు తన కాగితం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

సాయంత్రం పార్కింగ్ లాట్‌లో కార్ల మీది మంచు దులుపుకుంటుంటే నా దగ్గరకొచ్చాడు.

"అక్కా, నిజం చెప్పు. నేను మాట్లాడుతుంటే బోర్ కొట్టిందా?"

"బోర్ కాదు తమ్ముడూ. నువ్వు చెప్పినవన్నీ ఆ కాగితం మీదే ఉన్నాయి. ఇక నువ్వెందుకు వచ్చినట్టు?"

"మరి ఏం చెప్పాలె?"

"ఆ పిల్ల గురించి చెప్పు."

"నాకు ఆ పాప తెల్వదక్కా. నా క్లాస్ కాదు కదా."

"అయితే లైబ్రరీ పీరియడ్‌కి రా, చూద్దువుగాని."

వచ్చాడు. మిగతా పిల్లలు బిలబిలా మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ అమ్మాయి వరండాలో కిటికీ పక్కన ఆగింది. నేను ఎప్పటిలాగే కిందికెళ్లి ఒక బుట్టలో నాలుగైదు పుస్తకాలు ఏరి పైకి తెచ్చాను. వాటిలోంచి ఒకటి తీసుకుని నాకు థాంక్స్ చెప్పింది.

"పుస్తకం నచ్చిందా?" అని అతను అడిగాడు.

"బానే ఉంది. కానీ మిస్ ఎప్పుడూ గుర్రాల పుస్తకాలే తెస్తారు."

అది నామీద ఫిర్యాదు కాదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. ఒకసారి ఆ పిల్ల గుర్రం బొమ్మ ఉన్న చొక్కా వేసుకొచ్చింది. అప్పటినుంచి నేను అవే తెస్తున్నాను. బుట్ట సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

ఫిబ్రవరిలో రాజధాని ఎడ్మంటన్ వెళ్లాం. మా ఎమ్మెల్యే నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక పొడుగాటి ఆవిడ. మావాడు కాగితం బ్యాగులోంచి తియ్యనే లేదు. గుర్రాల సంగతి చెప్పాడు. ఆవిడ నవ్వి, తర్వాత నవ్వడం మానేసి విన్నది.

చివర్లో ఇతను, "మీరు మా స్కూలుకి ఏ రోజు వస్తారు?" అన్నాడు.

ఆవిడ అక్కడికక్కడే సెక్రటరీని పిలిచి తేదీ ఖాయం చేసింది. బయటికి రాగానే, "డేట్ ఇచ్చింది అక్కా! 'చూద్దాం' అనలే!" అని చిన్నపిల్లాడిలా ఎగిరాడు.

మంచు కరిగి దారులన్నీ బురదగా ఉన్న రోజుల్లో ఆవిడ వచ్చింది. బేస్‌మెంట్ మెట్ల దగ్గర ఆగింది. కిందికి దిగలేదు. ఎదురుగా ఉన్న తలుపు వైపు చూసింది.

"ఆ గదిలో ఏముంది?"

"స్టాఫ్ రూమ్" అంది ప్రిన్సిపాల్.

"లిఫ్టు సంగతి నేను ప్రభుత్వాన్ని అడుగుతాను. కానీ వచ్చేసరికి ఆ అమ్మాయి హైస్కూలుకి వెళ్లిపోవచ్చు. ఈలోగా లైబ్రరీని ఇక్కడికి, స్టాఫ్ రూమ్‌ని కిందికి మార్చడానికి వీలవుతుందా?"

అందరం ఆ తలుపు వైపు తిరిగాం. బాగా ఎండ పడే గది అది. కిటికీలోంచి దూరాన కొండలు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి మేమందరం అక్కడే లంచ్ తింటూ, పాపం ఆ పిల్లకు లిఫ్టు లేదే అని బాధపడ్డాం.

స్టాఫ్ మీటింగ్‌లో గొణుగుళ్లు బాగానే వినిపించాయి. కింద కిటికీ లేదన్నారు, సింకు లేదన్నారు. "లిఫ్టు అడగబోతే ఉన్న గది పోయింది" అని ఒకాయన నిట్టూర్చాడు. గది మార్చడానికి సరేనని అందరికన్నా ముందు చెయ్యెత్తింది మా లెక్కల టీచరే. వేసవి సెలవుల్లో తల్లిదండ్రులు కొందరు వచ్చి, అలమరాలు విప్పి పైకి చేర్చి మళ్లీ బిగించారు.

సెప్టెంబరులో ఆ అమ్మాయి తనంతట తానే లైబ్రరీలోకి వచ్చింది. అలమరాల మధ్య చాలాసేపు తిరిగింది. విషపు సాలీళ్ల మీద ఒక లావాటి పుస్తకం తీసుకుంది. అట్ట మీది బొమ్మ చూడలేక నేను మొహం తిప్పుకున్నాను. నేనైతే ఆ పుస్తకాన్ని జన్మలో పైకి తెచ్చి ఉండను.

లిఫ్టు ఇంకా రాలేదు. అడగడం మేమూ మానలేదు. మొన్న శీతాకాలం, మిగతా చార్టర్ స్కూళ్ల అసిస్టెంట్లకు ఒక పూట ట్రైనింగ్ ఇవ్వమని ప్రిన్సిపాల్ నాతో అంది. ఇంట్లో మావారి ముందు రిహార్సల్ వేశాను.

"బానే ఉంది గానీ, అంతసేపూ నువ్వే మాట్లాడతావా?" అన్నారాయన.

రాసుకున్నదాంట్లో సగం కొట్టేశాను. ట్రైనింగ్ రోజు వాళ్లను, ఎవరికి ఎక్కడ అడ్డమో చూస్తూ, కాసేపు మా బడి భవనమంతా తిరిగి రమ్మని పంపాను. తిరిగొచ్చాక ఒక్కొక్కరూ తమ తమ బళ్ల గురించి చెప్పడం మొదలుపెట్టారు. చాలామందికి ట్రైనింగ్ గదిలో మాట్లాడటం అదే మొదటిసారి. నేను ఒక కుర్చీ లాక్కుని వాళ్ల మధ్య కూర్చున్నాను.