నేను ఏరేసిన మసక కణాలు

పదిహేడేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. కంటికి ఆనని బరువు. కొన్ని బాక్టీరియా కణాలు, అంతే. నవ్వొస్తే నవ్వండి. నా స్నేహితురాలు పైడి ఉంటే ముందు తనే నవ్వేది.

పైడితల్లిది భోగాపురం వైపు, సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. మాది నరసన్నపేట దగ్గర విత్తనపు వరి పండించే ఇల్లు. ఎమ్మెస్సీలో ఇద్దరికీ ఒకే పని ఇచ్చారు: వెలుగునిచ్చే జన్యువు పెట్టిన బాక్టీరియాను పెంచి, ఒక్కో కణం ఎంత వెలుగుతోందో మైక్రోస్కోపులో కొలవడం. ఒకే తల్లి కణం సంతానం. ఒకే జన్యువు, ఒకే సీసా. అయినా కొన్ని మిలమిలలాడేవి, పక్కనే కొన్ని మసకగా ఉండేవి.

విత్తనపు మడిలో తేడాగా ఎదిగిన మొక్కను కేళీ అంటారు. కల్తీ అని పీకేస్తారు. చిన్నప్పుడే నా చేతికొచ్చిన పని. మసక కణాలనూ కేళీలనుకున్నాను. కొలతల్లోంచి తీసేశాను.

పైడి నా పట్టిక చూసింది.

"ఏటే, నీ కణాలు బడిపిల్లల్లాగ వరసగా నిలబడ్డాయి? నావి పెళ్ళిబోజనాల కాడ జనంలాగున్నాయి. ఒకటి ఎలుగుతాది, ఒకటి తొంగుంటాది."

"నాకేటి తెలుసే?"

"మా అయ్య వల దులిపితే సిన్న సేపని కూడా ఒగ్గడు. నువ్వేటైనా ఒగ్గేసినావేటే?"

"లేదే," అన్నాను.

మాకు ఆ పని ఇచ్చిన మేడం నా కొలతలు మెచ్చుకున్నారు. పైడి చేతికి శుభ్రత లేదన్నారు, మళ్ళీ చేయమన్నారు. వేసవంతా చేసింది. మళ్ళీ అవే మసక కణాలు. పరిశోధనలో సీటు నాకొచ్చింది. తను విజయనగరంలో బడిపంతులమ్మ అయింది.

ఏరడం అలవాటు అనుకుంటే తేలిక. మరి ఆ "లేదే" ఏ అలవాటు? ఒకే జన్యువైనా ఏ కణంలో ఎప్పుడెంత పనిచేస్తుందనేది కొంత యాదృచ్ఛికమనీ, ఆ తేడా కల్తీ కాదు సహజమనీ తర్వాత చదివాను. ఏటా నా విద్యార్థులకు ఆ పాఠం ఉత్సాహంగా చెబుతున్నాను, పైడి సంగతి తప్ప అన్నీ చెబుతూ. తనకైనా చెప్పానా? విజయనగరం సిరిమానోత్సవం జాతరకు ఏటా వాళ్ళింటికే వెళ్ళి, చేపల పులుసు రెండుసార్లు వేయించుకుని, కబుర్లాడి వచ్చేదాన్ని.

మొన్న వేసవిలో పోయింది. జ్ఞాపకంగా నాలుగు మాటలు రాయమని వాళ్ళ బడివాళ్ళు అడిగారు. హాస్యం, మంచితనం అని మొదలుపెట్టి మూడుసార్లు కొట్టేశాను. చివరికి ఇది రాశాను: "పైడితల్లి చేతిలో లోపం లేదు. తను చూసింది నిజం. నేనూ అదే చూశాను, తీసేశాను."

మన్నించేదో లేదో తెలియదు. తిట్టేదని మాత్రం తెలుసు. ఇక్కడ నా పేరు పెట్టలేదు. ఆ కాగితం మీద పెట్టాను. పోస్టు చేసి ఇంటికొచ్చాక, చాలా రోజులకు ఆకలేసింది.