అక్క ఫోన్‌లో లినక్స్

కోదాడ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు ఏటా ఒక మాట తప్పకుండా అనేవాణ్ణి. "మీ జేబులో ఫోన్ బయటికి తీయండి. దాని గుండెకాయ లాంటి కెర్నల్ లినక్సే, అందరికీ ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు. తాళాలేసే కంపెనీలతో యుద్ధం అయిపోయింది, మనమే గెలిచాం." టీవీలనీ రూటర్లనీ కూడా మా గెలుపులో కలిపేసుకునేవాణ్ణి. పిల్లలు ఈలలు వేసేవారు. ఇప్పుడు తలచుకుంటే నా నోరు నేనే మూయాలనిపిస్తుంది.

మా అక్క నేరేడుచర్ల దగ్గర అంగన్‌వాడీ టీచర్. గొంతు ఆపరేషన్ తర్వాత ఆమె మాట గుసగుసగా మిగిలింది. అంతకుముందు పాడి ఫోన్‌లో రికార్డు చేసుకున్న పాటలతోనే సెంటర్ నెట్టుకొచ్చేది. చేతులు కడగడానికో పాట, గుడ్డు వలవడానికో పాట, పడుకోబెట్టడానికో పాట. అన్నీ తను కట్టినవే. ఫోన్‌ను స్టీలు గిన్నెలో పెడితే గదంతా వినిపించేది. పాట మొదలైతే తప్ప పిల్లలు నల్లా దగ్గరికి కదిలేవాళ్లు కాదు.

ఆ ఫోన్‌కు కంపెనీ అప్‌డేట్లు ఆపేసి చాలా కాలమైంది. హాజరు వేసే యాప్ కొత్త వెర్షన్ దాంట్లో ఎక్కనంది.

"తమ్మీ, కొత్త ఫోన్ తీసుకోమంటున్రు. ఏం జేద్దాం?"

"కొత్తదెందుకక్కా? దీని లోపలున్నది లినక్సే. కొత్త సిస్టమ్ నేనెక్కిస్త."

"నా పాటలు పోవు గద?"

"నేనున్న గదా!"

ఆదివారం మధ్యాహ్నం సూర్యాపేటలో మా ఇంట్లోనే కూర్చున్నాం. ఫోటోలు, కాంటాక్టులు లాప్‌టాప్‌లోకి తీసిపెట్టాను. పాటలూ వచ్చేశాయనుకున్నాను. రికార్డర్ యాప్ వాటిని తన సొంత అరలో దాచుకుంటుంది. ఆ సంగతి తెలిసీ చూడలేదు. వేరే సిస్టమ్ ఏదీ ఎక్కకుండా కంపెనీ ఫోన్‌కు తాళం వేసింది, అది తీస్తే గానీ కొత్తది ఎక్కదు. తాళం తీస్తే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుందని తెర మీద హెచ్చరిక వచ్చింది. మా లినక్స్ వాళ్లకు ఒక రోగం ఉంది. హెచ్చరికలు తెలియనివాళ్ల కోసమనీ, మాకు కాదనీ అనుకుంటాం. చివరిదాకా చదవకుండానే అవునని నొక్కేశాను.

కొత్త సిస్టమ్ చక్కగా ఎక్కింది. నేను విజయగర్వంతో ఫోన్ అక్క చేతికిచ్చాను. ఆమె రికార్డర్ తెరిచింది. ఏమీ లేదు. మళ్లీ మూసి తెరిచింది.

"ఏవి తమ్మీ?"

లాప్‌టాప్ అంతా వెతికాను. అవి ఇంకెక్కడా లేవు.

మర్నాడు మిర్యాలగూడలో చెరిగినవి తీసిస్తాడని పేరున్న ఒకతని రిపేరు షాపుకు వెళ్లాం. అతను నా మొహం చూసి తల అడ్డంగా ఊపాడు. "లోపల అంతా తాళమేసి ఉంటది సార్. ఆ తాళంచెవినే మీరు చెరిపేసిండ్రు. ఇగ ఖతం."

ఇంత చేసినా హాజరు యాప్ పనిచేయలేదు. కంపెనీ తాళం లేని ఫోన్ సురక్షితం కాదని చెప్పి మూసుకుపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు కదా, అదే జరిగింది. కెర్నల్ రాసినవాళ్లు అందరికీ ఇచ్చారు. మధ్యలోవాళ్లు తాళాలేసుకున్నారు. మా అక్క కొన్న ఫోన్‌లో మా అక్కకు హక్కు లేదు. ఏళ్ల తరబడి దీన్నే గెలుపని పాఠం చెప్పాను. ఇక ఆ మాట ఏ క్లాసులోనూ అనలేను.

చివరికి కొత్త ఫోన్ కొని నేనే సెంటర్‌కు తీసుకెళ్లాను. అన్నం వేళైంది, పిల్లలెవరూ లేవలేదు.

"టీచర్, పాట పెట్టు" అంది ఒక చిన్నపిల్ల.

అక్క నా వైపు చూడకుండా వాళ్ల మధ్య కూర్చుంది. చేతులు కడిగే పాట తానే ఎత్తుకుంది. గాలి తప్ప ఏమీ రాలేదు. పిల్లలు ఒక్క క్షణం బిత్తరపోయారు. తర్వాత ఇదేదో కొత్త ఆట అనుకున్నారు. అందరూ గొంతులు అణిచిపెట్టుకుని, అచ్చం ఆమెలాగే గాలితో పాడుతూ నల్లా దగ్గరికి నడిచారు.