జింకపిల్లకు తాగించని మందు

నా చిన్నప్పుడు ఓ సాయంత్రం మా తాతయ్య, హాలియా వాగు అవతల గొర్రెలు మేపి వస్తూ గొంగడిలో ఓ జింకపిల్లను చుట్టుకొచ్చాడు. తల్లిని కుక్కలు చంపేశాయట. ఇక చూడండి, నాకు బడి లేదు, ఆట లేదు. మేకపాలు పట్టాను, గంజి తాగించాను, నా పక్కనే పడుకోబెట్టుకుంటానని మారాం చేశాను. కాస్త పెద్దదయ్యాక అది గొర్రెలతోనే మేసేది, వాటి దొడ్లోనే పడుకునేది.

తొలకరికి ముందు గొర్రెలకు నట్టల మందు తాగించడం మా ఇళ్లలో ఆనవాయితీ. కడుపులో నట్టలనే ఆ పురుగులు పడితే ఎంత బలిసిన గొర్రె అయినా నిలవదు. ఆ రోజు తాతయ్య ఒక్కోదాని నోరు తెరిచి వెదురు గొట్టంతో మందు పోస్తుంటే, నేనూ నా జింకను ఎత్తుకుని వెళ్లాను. తాతయ్య నవ్వాడు. “అడివి జీవానికి మందెందుకే పిచ్చిదాన? దానికేం గాదు, తీస్కపో” అన్నాడు. మా ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు. తీసుకుపోయాను.

వానలు పడి పచ్చగడ్డి లేచాక దాని దవడ కింద ఉబ్బింది. బొద్దుగా అయిందని మురిసిపోయాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది! కొద్ది రోజులకే ఓ పొద్దున దాని కాళ్లు తడబడ్డాయి. తాతయ్య కంటిరెప్ప తిప్పి చూస్తే లోపల నెత్తురు చుక్క లేక సున్నంలా తెల్లగా ఉంది. పరుగున పోయి మందు తెచ్చి తాగించాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. మధ్యాహ్నానికి అది నా ఒళ్లోనే ప్రాణం విడిచింది.

నేను ఏడుస్తుంటే పక్కింటి అవ్వ ఊరుకుంటుందా? “పాలు, గంజి అని ఒకటే కుక్కుడు. ముద్దు జేసి జేసి పాణం దీసింది పొల్ల” అంది. చూడవచ్చిన వాళ్లంతా తలలూపారు. నిజంగా నేనే చంపాననుకున్నాను.

ఆ మాట తాతయ్య విన్నాడు. గొర్రె చస్తే కోసి చూసుకోవడం మావాళ్ల పద్ధతి. దాన్నీ అందరి ముందే కోశాడు. పొట్టలో దారప్పోగుల్లాంటి ఎర్రటి పురుగులు, కుప్పలుగా.

“సూడుండ్రి. పొల్ల తప్పేం లేదు. నా గొర్ల నట్టలే దీనికి ఎక్కినయ్. మందొద్దన్నది నేను. దీన్ని సంపింది నేనే” అన్నాడు. ఊరి తగాదాలు తీర్చే మనిషి, అంతమందిలో కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

తప్పు నాదైతే నాదేనని పిల్లల ముందు ఒప్పుకోవడానికి నేనెన్నడూ సిగ్గుపడలేదంటే అది ఆయన చలవే. ఆ జింకపిల్ల గుర్తొస్తే ఈ వయసులోనూ కళ్లు చెమరుస్తాయి. కానీ ఆ పూట తాతయ్య నోరు మూసుకుని ఊరుకుని ఉంటే, నా చేతులతోనే దాన్ని చంపుకున్నానని ఇన్నేళ్లూ కుమిలిపోతూ బతికేదాన్ని.