ఏసీ గొట్టం కింద బకెట్టు

‘నీరు జీవాధారం’ అన్న మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ పాఠం చెప్పుకునే బతికినదాన్ని నేను. అమీర్‌పేటలో ఒక ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. నీటి అణువుకి ఒక వైపు కాస్త ధనావేశం, ఇంకో వైపు కాస్త ఋణావేశం, అందుకే ఉప్పు కనిపిస్తే చాలు చుట్టూ మూగి కరిగించేసుకుంటుంది, ఆ గుణమే లేకపోతే నెత్తురూ లేదు, చెమటా లేదు, మనమూ లేము అని గొంతు చించుకునేదాన్ని. పిల్లలు ఆవలించేవాళ్లు. “మేడమ్, ఇందులో బిట్ వస్తుందా?” అనేవాళ్లు. ఛీ, ఏం చదువులో!

ఇంటికొస్తే అదే పాఠం మా అత్తగారి ఒంట్లో తిరగబడి కూర్చుని ఉండేది. ఆవిడ కిడ్నీలు పోయాయి. పంజాగుట్టలో ఆసుపత్రికి తీసుకెళ్లి డయాలసిస్ చేయించేవాళ్లం. తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేదు కాబట్టి రోజుకి చిన్న చెంబుడే, మజ్జిగా మందులూ అన్నీ అందులోనే అన్నాడు డాక్టరు. అది దాటితే నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరతాయి. ఒకసారి చేరాయి కూడా. ఫ్లైఓవర్ కోసం తవ్విపోసిన రోడ్డు మీద, ముందుకి కదలని ఆటోలో, ఆవిడ ఊపిరాడక నా చెయ్యి రక్కేసింది. ఇంకోసారి ఇలా అయితే నా దాకా తీసుకురాలేరమ్మా అన్నాడు డాక్టరు.

ఆవిడకేమో ఎంగిలి పట్టింపు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఎన్నేళ్లయినా అది వదల్లేదు. గ్లాసు పెదవికి తగలనివ్వదు, ఎత్తి పోసుకునే తాగుతుంది. ఎక్కడికెళ్లినా తన మరచెంబు తనతోనే. నేనిచ్చిన గ్లాసుని కూడా మళ్లీ తొలిపించేది. నాకు చిరాకొచ్చేది, కానీ ఏమంటాం?

మా పై ఫ్లాటులో సాఫ్ట్‌వేర్ కోచింగ్. అప్పట్లో అమీర్‌పేటలో ఏ కొంప చూసినా అదే కదా! మధ్య గోడలు పీకేసి, కంప్యూటర్లు వరసగా పెట్టి, పిల్లల్ని కోళ్లఫారంలో కుక్కినట్టు కుక్కేవాళ్లు. మెట్ల నిండా చెప్పులు, సాక్సుల కంపు, లిఫ్టు మూల్లో పాన్ ఉమ్ములు. వాళ్ల ఏసీల నీళ్లు మా బాల్కనీలో కారుతుంటే అత్తగారు పోట్లాటేసుకుంది. ఆ సెంటరతను దిగొచ్చాడు. “గవి సాఫ్ నీళ్లేనమ్మా, గాలిలకెల్లి వస్తయ్. పైపు పెట్టిస్త, ఫికర్ చెయ్యకుండ్రి” అని గొట్టం పెట్టించి, కింద ఒక బకెట్టు పడేసి పోయాడు.

“గాలిలోంచి నీళ్లేమిటే?” అంది అత్తగారు.

“గదిలో అంతమంది వదిలే ఊపిరిలో ఆవిరి ఉంటుందత్తయ్యా, వాళ్ల చెమటా ఆవిరవుతుంది. చల్లటి గొట్టానికి తగిలితే ఆ అణువులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని చుక్కవుతాయి.”

అప్పుడు ఆవిడ మొహం చూడాలి! “ఓరి భగవంతుడా, ఊళ్లోవాళ్లందరి ఎంగిలా!” అని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత బాల్కనీ గడప తొక్కలేదు. పనమ్మాయి ఆ నీళ్లతో బాత్రూము కడిగేది.

ఎండాకాలం వచ్చింది. “నాలుక పిడచకట్టుకుపోతోందే” అని పొద్దస్తమానం ఒకటే గొడవ. దానికి తోడు నా కన్నుగప్పి ఆవకాయ నంజుకునేది. ఒంట్లో చేరిన ఉప్పు నీళ్లు నీళ్లని అరవకుండా ఉంటుందా? డయాలసిస్ మంచం మీద పడుకుని, “నా పక్కనించే గొట్టాల్లో అన్నేసి నీళ్లు పోతున్నాయి, నాకు గుక్కెడు పొయ్యరేం?” అని నర్సుని నిలదీసేది. నెత్తుట్లో చెత్తని కరిగించుకుని పట్టుకుపోయేది కూడా ఆ నీళ్లే.

చూడ్డానికొచ్చిన చుట్టాలు ఇంకో రోత. ఆవిడ ఎదురుగానే ఫ్రిజ్‌లో నీళ్లు గటగటా తాగి, మూతి తుడుచుకుని, “పాపం, ఒక్క గుక్క పొయ్యవే, ఏమవుతుంది?” అని నాకు నీతులు. గుమ్మం దాటగానే, కోడలు మంచినీళ్లు కూడా పొయ్యట్లేదని గుసగుసలు. పోస్తే చస్తుందర్రా అని అరవాలనిపించేది. కాలేజీకి వెళ్లేటప్పుడు ఆవిడ చెంబు నింపి పక్కన పెట్టి, వంటింటికి తాళం వేసుకునేదాన్ని. అపార్టుమెంటు బోరు ఎండిపోయి, పొద్దున టాంకరొచ్చిన కాసేపే కుళాయిలు పారేవి.

ఒక మధ్యాహ్నం తలనొప్పిగా ఉండి ముందే ఇంటికొచ్చాను. మంచం ఖాళీ. బాల్కనీ తలుపు తీసి ఉంది.

ఆ బకెట్టు పక్కన చతికిలబడి ఉంది అత్తగారు. బకెట్టు అంచుకి పచ్చటి జిగురు, పైన వెంట్రుకలు, చచ్చిన దోమలు. మరచెంబు అందులో ముంచి, తల వెనక్కి వంచి, చెయ్యి పైకెత్తి, సన్నటి ధారగా నోట్లోకి పోసుకుంటోంది.

“అత్తయ్యా! ఛీ! ఏమిటా పని?”

ఆవిడ ఉలిక్కిపడింది. చెంబు పక్కన పెట్టి, గడ్డం కొంగుతో తుడుచుకుంది.

“ఎంగిలి చెయ్యలేదే. ఎత్తే పోసుకున్నాను” అంది.

పొద్దు వాలకముందే ఆయాసం మొదలైంది. మా ఆయనకి ఫోన్ చేస్తే బేగంపేట ఆఫీసు నుంచి తిన్నగా ఆసుపత్రికి వచ్చేశాడు. మంచం చుట్టూ మేమూ, నర్సులూ, ఎక్కణ్ణించి ఊడిపడ్డారో ఇద్దరు చుట్టాలూ. నీళ్లు లాగేశాక గండం గడిచింది. అప్పుడు డాక్టరు మా మీద విరుచుకుపడ్డాడు.

“ఇన్ని నీళ్లు ఈవిడకి ఎక్కడివి?”

మాస్కు పైనించి అత్తగారి కళ్లు నా మీదే ఉన్నాయి. అంత బెదురు ఆవిడ కళ్లలో ఊపిరాడనప్పుడు కూడా నేను చూడలేదు.

“నేనే పోశానండి, మంచినీళ్లు” అన్నాను.