తోడేళ్ల పక్షాన మా పెద్దమ్మ

వర్ధన్నపేట నుంచి వచ్చిన మా పెద్దమ్మను ఈ రోజు వరంగల్ స్టేషన్ దగ్గరి టాకీసులో ఇంగ్లీషు సినిమాకు, మ్యాట్నీకి తీసుకెళ్లాను. నెత్తురు తాగే పిశాచాలకూ తోడేళ్లుగా మారే మనుషులకూ జరిగిన యుద్ధం పోయినేడు వచ్చిన సినిమాలో చూశాను. ఇది దానికి ముందరి కథ, అసలు వాళ్ల పగ ఎలా మొదలైందో చెబుతుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు కదా అని చెవిలో చెప్పబోయాను.

"నువ్వు చెప్పుడేంది బిడ్డా? గా కోటల ఉన్నోడు దొర. గీ తోడేళ్లు వెట్టోళ్లు. మా ఊరి దొర గడీల నేను చెయ్యలేదా వెట్టి?" అంది.

ఒక తోడేలు గొలుసు తెంపుకొని ఆ దొర మీద పడగానే పెద్దమ్మ లేచి నిలబడి, నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేసింది. గేటు దగ్గరి మనిషి టార్చిలైటుతో వచ్చాడు.

"అవ్వా, జర కూసో. ఎనుకోళ్లకు కనిపిస్తలేదు."

"వాణ్ని మొత్తం కొరకనియ్యి. గప్పుడు కూసుంట."

అతను లైటు ఆర్పేసి, ఆమె పక్కనే నిలబడి చివరిదాకా చూశాడు.

దొర చావడం ఇంకోసారి చూడాలని, రేపు మళ్లీ పోదామని ఇంటికొచ్చినప్పటి నుంచి ఒకటే పోరు. నాకు రేపు పనుంది. మీలో ఎవరు తోడు పోతారు?