ఆకు మీద వేలిముద్ర

ఈ పొద్దున కిటికీ గట్టు మీదున్న మా ఆయన మొక్కకి అడుగు ఆకొకటి రాలింది. అరచేతిలో పెట్టుకుంటే బరువే లేదు, ఉల్లిపొట్టులా ఉంది. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నాకు వేలిముద్ర వేయడమే తప్ప రాయడం రాదు.

దేశం దాటి ఈ టౌరంగా ఊరొచ్చాక మా ఆయన మొక్కలు పెంచి అమ్మే నర్సరీలో పనికి కుదిరారు. అక్కడ విరిగి పారేసిన కొమ్మనొకదాన్ని తెచ్చి నాటారు. దళసరి ఆకులు, పువ్వు రేకుల్లా ఒకదాని చుట్టూ ఒకటి, ఒంటినిండా విభూతి పూసుకున్నట్టు తెల్లటి పొడి. ఓ శుక్రవారం దేవుడి సామాన్లు తుడిచి, ఆ చేత్తోనే దీన్నీ తుడుద్దామని తడిగుడ్డ తీశాను. "ఆగవే తల్లీ! దుమ్ము కాదది, ఎండకి దాని గొడుగు!" అని ఆయన పరుగున వచ్చి ఆకుకి చెయ్యి అడ్డం పెట్టారు. నా గుడ్డ తగల్లేదు గానీ ఆయన బొటనవేలు తగిలిన చోట పొడి పోయి, గీతలతో సహా ముద్ర పడింది. ఒకసారి పోతే ఆ ఆకుకి మళ్ళీ రాదట. ఆయన మొహం చూస్తే నాకు నవ్వాగలేదు. "సంతకాలు పెట్టే దొరగారి చేత కూడా మీ మొక్క వేలిముద్ర వేయించింది చూశారా!" అన్నాను.

అప్పుడే ఓ రాలిన ఆకును గోటితో చీల్చి చూపించారు. పైన మందపాటి తోలు, దాని కింద సన్నగా పచ్చదనం, నడుమంతా నీళ్ళు. "ఈ పచ్చదనమే పొయ్యి, ఎండే మంట. మధ్యలోది నీళ్ళకుండ. ఆకుకున్న సన్నటి నోళ్ళు పగలు తెరిస్తే నీళ్ళు ఆవిరైపోతాయని, రాత్రి తెరిచి గాలి పీల్చి పులుపు చేసి దాచుకుంటుంది. తెల్లారాక నోరు మూసుకుని, దాచినదాంతో వండుకుంటుంది."

"పగలంతా నోరు మూసుకునే పని చేస్తుందా? మీరూ నేర్చుకోండి," అన్నాను.

పోయిన చలికాలం గుండె ఆగి ఆయన పోయారు. బట్టలు ఎవరికో ఇచ్చేశాం. ఆ ఆకు మీద ఆయన వేలిముద్ర మాత్రం ఉంది. రోజూ లేవగానే చూసుకునేదాన్ని, ముట్టుకోకుండా. ఈమధ్య ఆకు ముడతలు పడింది, దాంతో ముద్రా ముడుచుకుపోతోంది. దాహమేమోనని చెంబుతో నీళ్ళు తెచ్చాను. అమ్మాయి నా చెయ్యి పట్టేసుకుంది.

"వద్దమ్మా. మట్టి తడి ఆరలేదింకా. పాత ఆకు తన నీళ్ళు పైవాటికిచ్చి ఎండిపోతుంది, అంతే. ఇప్పుడు పోస్తే వేరు కుళ్ళి మొత్తం పోతుంది."

"నాకిదొక్కటి నిలిస్తే చాలే."

"నాన్న పెంచింది మొక్కనమ్మా."

చెంబు దించేశాను. ఎత్తినప్పుడు లేని బరువు దించేటప్పుడు తెలిసింది.

ఈ పొద్దున రాలింది ఆ ముద్ర ఉన్న ఆకే. మొక్క నడుమ కొత్త ఆకొకటి విచ్చుకుంటోంది, పొడి చెక్కుచెదరకుండా, ఎవరి వేలూ తగలకుండా. నీళ్ళన్నీ ఇచ్చేశాక ఆకు ఎండుతుందని ఆయన పెంచిన మొక్కే చూపించింది. మిగిలిపోయిన మనిషి ఎండటానికి ఎంతకాలం పడుతుందో మాత్రం ఆయన చెప్పకుండానే వెళ్ళిపోయారు.